మామత్ మాంసం ల్యాబ్‌లో పెంచి పెడితే తింటారా?

మూకుడు:
నిన్న రాత్రి మా ఇంట్లో అన్నాల దగ్గర మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే మీ ముందు పెడుతున్నా. 2023 మార్చిలో వౌ అనే ఆస్ట్రేలియా కంపెనీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని నీమో సైన్స్ మ్యూజియంలో మాంసపు ఉండ ఒకదాన్ని గాజు మూత కింద పెట్టి చూపించింది, ఇది మామత్ మాంసం అని. మామత్ అంటే మంచుయుగంలో తిరిగిన బొచ్చు ఏనుగు, ఆఖరివి పోయి దాదాపు 4,000 ఏళ్లయింది. వీళ్లు దాన్ని బతికించిందీ లేదు, చంపిందీ లేదు. మాంసానికి ఎర్ర రంగు ఇచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఉంటుంది కదా, మామత్‌లో దాని జన్యువు వివరం తీసుకుని, తెగిపోయిన చోట ఆఫ్రికా ఏనుగుది అతికి, గొర్రె కండర కణాల్లోకి ఎక్కించి పెంచారు. తీరా చేశాక ఒక్కరూ నోట్లో పెట్టుకోలేదు. వేల ఏళ్లుగా ఎవరి కడుపులోకీ వెళ్లని ప్రోటీన్, ఒంటికి పడుతుందో లేదో అని భయం.

మా ఆవిడ "ఛీ" అంది. మా తమ్ముడు "ఒక ముక్క పంపమను" అన్నాడు. నేనైతే తింటా, దాచుకునేదేముంది. పదేళ్లప్పుడు మా మేనమామ వాళ్ల ఊళ్లో ఉడుము తిన్నాను. వేసవి సెలవులు. ఎవరో మోదుగాకుల్లో చుట్టి ముక్కలు తెచ్చిచ్చారు. అమ్మమ్మ వంటింట్లోకి రానివ్వకపోతే పెరట్లో మూడు రాళ్లు పెట్టి, మట్టి దాకలో మిరియాలు దంచి వేసి వండారు. మామయ్యకి నడుం నొప్పి, దానికి మందన్నారు. నాకు ఏ నొప్పీ లేదు, ఊరికే తిన్నా. తెల్లటి ముక్క, కాస్త కోడిలా, కాస్త చేపలా. ముప్పై ఏళ్లయినా ఆ రుచి నాలుక మీదే ఉంది. మరి ఎవరికీ దెబ్బ తగలకుండా ల్యాబ్‌లో పెంచినది తింటే తప్పేంటి?

పప్పుచారు:
మూకుడు గారూ, ఆకలేసి తినడం వేరు, అలవాటైన కోడో మేకో తినడం వేరు, ఒక జీవిని చూడగానే "దీని కూర ఎలా ఉంటుందో" అని నోరూరడం వేరు. నేను మాంసం తినను, కానీ తినేవాళ్లతో పేచీ లేదు, మా ఇంట్లోనే సగం మంది తింటారు. జూలో జింక ముందు నిలబడి కూర గురించి మాట్లాడేవాళ్లతోనే నా పేచీ. మామత్ విషయమైతే మరీ, పాడె మీద ఉన్నవాడి జేబు తడిమినట్టుంది నాకు.

లాపాయింట్:
ఒక చిన్న విషయం. ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం మొదటి షెడ్యూల్లో ఉంది, పులి ఉన్న చోటే. వేటాడితే, మాంసం దగ్గర దొరికితే కనీసం 3 ఏళ్ల జైలు, 7 ఏళ్ల దాకా పోవచ్చు. 2022 సవరణ తర్వాత కనీస జరిమానా 25,000. నెమలిదీ అదే షెడ్యూలు. 2024 ఆగస్టులో సిరిసిల్ల జిల్లాలో ఒక యూట్యూబర్ నెమలి కూర అంటూ వీడియో పెట్టి కేసు పాలయ్యాడు గుర్తుందా? వ్యూస్ వచ్చాయి, వెనకే అటవీ శాఖ వాళ్లూ వచ్చారు. పదేళ్ల పిల్లాడిగా తిన్నారు కాబట్టి మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు, కానీ ఈ పోస్టు చదివి ఎవరూ ముచ్చటపడొద్దని చెబుతున్నా.

ఉసిళ్లబుట్ట:
అసలు "వింత తిండి" అని ఎవరు తేలుస్తారండీ? మా వైపు తొలకరి వాన పడి ఆగిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. లైటు కింద బేసిన్లో నీళ్లు పెడితే వచ్చి పడతాయి, రెక్కలు ఊడిపోతాయి. వాటిని ఆరబెట్టి, చాటలో చెరిగి, నూనె లేకుండా పెనం మీద వేయించి ఉప్పూ కారం చల్లి బొరుగుల్లో కలిపితే వేయించిన వేరుశనగ పప్పులా కరకరలాడుతుంది. హాస్టల్లో ఈ మాట చెప్పినందుకు నాలుగేళ్లు నన్ను "పురుగులోడు" అన్నారు. అన్నవాళ్లంతా రొయ్యల వేపుడు లొట్టలేసుకుంటూ తినేవాళ్లే. రొయ్యకి ఎన్ని కాళ్లో ఎప్పుడైనా లెక్కపెట్టారా? వింతంటే మనం చిన్నప్పుడు తిననిది, అంతే. కాబట్టి "వింతవి తినకూడదు" అనే వాదన నా దగ్గర చెల్లదు. ఎన్ని మిగిలున్నాయి, ఎలా వస్తున్నాయి అని అడగండి, ఒప్పుకుంటా.

సిడ్నీబాబాయ్:
నేను ఇక్కడికొచ్చి పన్నెండేళ్లు. కంగారూ మాంసం సూపర్‌మార్కెట్లో చికెన్ పక్కనే ఉంటుంది. వాటిని ఫారాల్లో పెంచరు, ప్రభుత్వం ఏటా కోటా పెడుతుంది, ఆ మేరకు అడవిలోనే కాలుస్తారు. మొదటిసారి మన పద్ధతిలో కుక్కర్లో పెట్టి ఐదు విజిల్స్ వేయించా, చెప్పుల తోలు తయారైంది. దానికి కొవ్వుండదు, ఎక్కువ ఉడికితే అయిపోయినట్టే. తర్వాత పల్చగా కోసి, పెద్ద మంట మీద రెండు నిమిషాలు తిప్పి, విడిగా వండిన గోంగూరలో వేశా. అప్పుడు బాగుంది. కానీ నిజం చెప్పాలంటే ఇండియాలో చుట్టాలకి ఫోన్ చేసి "కంగారూ తిన్నా" అని చెప్పడంలో ఉన్న మజా ముక్కలో లేదు. రెండోసారి కొని ఎన్నేళ్లయిందో గుర్తు లేదు.

ఇంకో సంగతి. ఆ వౌ వాళ్లు మొదట డోడో పక్షి చేద్దామనుకున్నారట, కావలసిన డీఎన్‌ఏ వివరం దొరక్క మామత్‌కి మళ్లారు. అంత హడావుడి చేసి చివరికి 2024లో సింగపూర్‌లో అనుమతి తెచ్చుకుని అమ్మింది దేన్నో తెలుసా? జపాన్ క్వెయిల్. అంటే మన హైవే దాబాల్లో వేపుడు చేసి పెట్టే కౌజు పిట్ట! మామత్ ప్రచారానికి, పిట్ట వ్యాపారానికి.

పాతకాగితం:
బాబాయ్ చెప్పిన "చెప్పుకోవడంలో ఉన్న మజా" మాటకి నా దగ్గర సరైన కథ ఉంది. న్యూయార్క్‌లో ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ అని సాహస యాత్రికుల సంఘం ఉంది. 1951 జనవరి 13న రూజ్‌వెల్ట్ హోటల్లో వాళ్ల ఏటేటా జరిగే విందు. అలాస్కా వైపు మంచులో దొరికిన ప్రాచీన జంతువు మాంసం వడ్డించారని పేరు పడింది, మామత్ అని కొందరు, మెగాథీరియం అనే, ఏనాడో అంతరించిన భారీ స్లాత్ జంతువు అని కొందరు. తిన్నవాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. విందుకి రాలేకపోయిన ఒక సభ్యుడు మాత్రం తన వాటా ముక్కని తెప్పించుకుని సీసాలో భద్రపరిచాడు. అది చేతులు మారి యేల్ విశ్వవిద్యాలయం మ్యూజియానికి చేరింది. 2016లో అక్కడివాళ్లు డీఎన్‌ఏ తీసి చూస్తే, పచ్చ సముద్ర తాబేలు!

అంత పెద్ద పెద్ద యాత్రికులు తాబేలు తిని మామత్ అని లొట్టలేశారు. నాలుకకి ఏమీ తెలియదు, చెవికి చెప్పిందే రుచి.

నిజంగా తిన్నవాళ్లూ ఉన్నారు. 1979లో అలాస్కాలో బంగారు గని తవ్వేవాళ్లకి గడ్డకట్టిన మట్టిలో ఒక అడవి దున్న కళేబరం దొరికింది, బ్లూ బేబ్ అని పేరు పెట్టారు. కనీసం 36,000 ఏళ్ల నాటిది. దాన్ని పరిశోధించిన డేల్ గత్రీ 1984లో మెడ దగ్గర చిన్న ముక్క కోసి కూర వండి మిత్రులకి పెట్టాడు. గట్టిగా ఉంది, కొంచెం మట్టి వాసన, ఎవరికీ ఏమీ కాలేదు. అది నాకు తప్పనిపించదు, ఎందుకో చెప్పలేను. బహుశా ఆ మనిషి ఏళ్ల తరబడి ఆ దున్నతోనే ఉన్నాడు కాబట్టేమో.

పప్పుచారు:
చూశారా, మీరే చెప్పారు, రుచి కాదు పేరు అని. పేరు కోసం తినడమే అసలు ప్రమాదం. 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు ఒక ప్రయోగం అచ్చేశారు. ఒకే కేవియర్‌ని, అంటే స్టర్జన్ చేప గుడ్లని, రెండు గిన్నెల్లో పెట్టి ఒకటి అరుదైన జాతిదనీ ఒకటి మామూలు జాతిదనీ చెప్పారు. ఎక్కువమంది అరుదైనదే బాగుందన్నారు. రెండూ ఒకటే! అంటే జంతువు తగ్గేకొద్దీ రుచి పెరుగుతుందన్నమాట. మన తూర్పు కనుమల్లో తిరిగే అలుగునే, అంటే ఒంటినిండా పొలుసులుండే పాంగోలిన్‌నే తీసుకోండి. చైనా, వియత్నాంలలో దాని మాంసం డబ్బున్నవాళ్ల విందు వంటకం. 2016లో 8 జాతుల అలుగులకీ అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించారు, అయినా దొంగ రవాణా ఆగలేదు. నిషేధించేకొద్దీ గొప్ప పెరిగింది.

పాతకాగితం:
పప్పుచారు గారూ, అలుగు విషయంలో మీతో ఉన్నా. కానీ జంతువులు అంతరించింది వింత తిండి మీద ఆసక్తి వల్ల అంటే మాత్రం ఒప్పుకోను. స్టెల్లర్ సముద్రపు ఆవు అనే భారీ సముద్ర జంతువు కథ చూడండి. 1741లో బేరింగ్ అనే నావికుడి ఓడ ఒక దీవి దగ్గర బద్దలైతే అక్కడ చిక్కుకున్న జార్జ్ స్టెల్లర్ మొదటిసారి దాని గురించి రాశాడు. గొడ్డు మాంసంలా ఉందన్నాడు, కొవ్వు బాదం నూనెలా కమ్మగా ఉందన్నాడు. 1768 నాటికి ఒక్కటీ లేదు. 27 ఏళ్లు! బొచ్చు తోళ్ల కోసం ఆ దారిన పోయే వేటగాళ్లు దారి బత్తెం కింద చంపేశారు. వాళ్లకి అది వింతా కాదు, అరుదూ కాదు, సులువుగా దొరికే బత్తెం. డార్విన్ ఇంకో రకం. కేంబ్రిడ్జ్‌లో చదివేటప్పుడు వింత జంతువులు తినే క్లబ్బులో ఉన్నాడు, ముసలి గుడ్లగూబ తిన్నాక ఆ సరదా తీరిపోయింది. తర్వాత దక్షిణ అమెరికాలోని పటగోనియాలో రియా అనే ఎగరని పక్షుల్లో ఒక అరుదైన రకం కోసం నెలల తరబడి వెతికాడు. ఒకరోజు వండుకుని తినేశాక తట్టింది, పళ్లెంలోకి వచ్చింది అదేనని! తల, మెడ, కాళ్లు, రెక్కలు, మిగిలిన ఈకలు ఏరుకుని లండన్ పంపాడు. తినేసి కూడా సైన్సుకి పనికొచ్చాడు.

చీరాలరోడ్డు:
ఇక్కడ ఇంత పెద్ద కబుర్లు చెబుతున్నారు గానీ మా బాపట్ల, ప్రకాశం వైపు గాడిద మాటేమిటి? తింటే ఆయాసం పోతుందని, మగతనం పెరుగుతుందని నమ్మి కొనేవాళ్లున్నారు. ఆహార భద్రత నిబంధనల్లో తినదగ్గ జంతువుల జాబితాలో గాడిద లేదు, అయినా గుట్టుగా అమ్ముతారు. దేశం మొత్తం మీద 2012 పశుగణనలో 3.2 లక్షల గాడిదలుంటే 2019కి 1.2 లక్షలు. అన్నీ తినేశారనడం లేదు. చాకిరీకి ఆటోలు, ట్రాక్టర్లు వచ్చాక పెంచేవాళ్లే తగ్గిపోయారు, పైగా చైనాలో గాడిద తోలు ఉడికించి చేసే మందుకి గిరాకీ. కానీ మిగిలిన కాసిన్నిటినీ నడుం నొప్పి కోసం నరికితే ఏమనాలి? మామత్‌కి ఏడ్చే మనం గాడిదకి ఏడవం.

ఉసిళ్లబుట్ట:
గాడిదకి ఎవరు ఏడ్చారు బ్రో ఎప్పుడైనా. తిట్టుకి పనికొచ్చింది ఇన్నాళ్లూ, ఇప్పుడు మందుకి. అసలు అనుమానం ఒకటి, ఆ ఉండలో మామత్ ఎంత? గొర్రెకి 20,000 పైచిలుకు జన్యువులు, మామత్‌ది ఒక్కటి. అది మామత్ కాదు, మామత్ గాలి సోకిన పొట్టేలు. దానికి ఇంత రభసా?

మూకుడు:
పొట్టేలైనా పర్లేదు, తింటా :) సరే, పప్పుచారు గారి కేవియర్ మాట నన్ను ఇబ్బంది పెట్టింది, ఒప్పుకుంటున్నా. ల్యాబ్ ముక్క వచ్చాక "ఇది నకిలీ, అసలుది నా దగ్గరుంది" అని ఇంకొకడు అలుగునో ఉడుమునో ఎక్కువ రేటుకి అమ్మడా? అమ్ముతాడు. పెంపకం చేపలొచ్చాక పులస ధర తగ్గిందా ఏంటి. అందుకే అంతరించినవి చేసుకోనివ్వండి, బతికున్న అరుదైన వాటి జోలికి మాత్రం ల్యాబ్‌లో కూడా పోకూడదు, ఆ పేరు పళ్లెంలో కనిపించకూడదు అనిపిస్తోంది. పోయినవాటికి ఎలాగూ పోటీకి అసలైన సరుకు ఉండదు.

పప్పుచారు:
ఇది కాస్త నయం. ఏనుగు దంతాల వ్యాపారులు సైబీరియాలో తవ్వి తీసిన మామత్ దంతం పేరు చెప్పి అసలు ఏనుగు దంతం కలిపేసి అమ్ముతారు. మాంసానికీ అదే జరగదని ఎలా అంటారు? అయినా మీరు ఒక మెట్టు దిగారు కాబట్టి నేనూ దిగుతా, ఎవరికీ దెబ్బ తగలకపోతే అడ్డం చెప్పను. నేను మాత్రం తినను.

పాతకాగితం:
మూకుడు గారూ, ఒకటి అడగొచ్చా? అప్పుడు మీరు తిన్నది ఉడుమేనని ఏం నమ్మకం? ముక్కలు ఆకుల్లో చుట్టి తెచ్చారన్నారు. తోలు చూశారా, తోక చూశారా?

మూకుడు:
చూడలేదు. ముప్పై ఏళ్లలో ఈ ప్రశ్న నాకు తట్టలేదు చూడండి. మామయ్యకి డెబ్బై దాటాయి, సాయంత్రం ఫోన్ చేసి అడుగుతా.

లాపాయింట్:
ఫోన్‌లో మరీ గట్టిగా అడక్కండి :)

మూకుడు:
చేశాను. "మామయ్యా, ఆరోజు తెచ్చినాయన తోలు గానీ తల గానీ చూపించాడా?" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే నవ్వు. "నేనెక్కడ చూశాన్రా, వాడు ఉడుమన్నాడు, నేను వంద రూపాయలిచ్చా. అదే వారం వాళ్ల పక్కింటావిడ రెండు పుంజులు కనబడ్డం లేదని వీధంతా తిట్టిపోసింది, నాకు అప్పుడే అనుమానం" అన్నాడు. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, "నడుం నొప్పి తగ్గింది కదరా, ఇంకేం చెబుతాం" అన్నాడు.