సరుకులు ఇచ్చే ముందు ఆదాయ రుజువు అడగాలా?

బాటసారి: ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు మా బృందం నెలనెలా సరుకుల సంచులు ఇస్తోంది. ఈమధ్య వచ్చేవాళ్లు పెరిగారు, సంచులు చాలట్లేదు. ఆదాయ రుజువు అడుగుదామని కొందరు, వద్దని కొందరు. మీరేమంటారు?

చిరుగాలి: అడగొద్దండీ. ఇలాంటి చోటే నేను రెండేళ్లు రిజిస్టర్ రాశాను. ఒకామె అందరినీ ముందుకు పంపి చివర్న వచ్చింది. కాగితాలేవి అన్నాను. చేతిలో ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టుకుని, "ఈసారి తెస్తానమ్మా" అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ అడిగింది నేనే, ఇప్పటికీ మనసు ఊరుకోదు.

పోయిన నెల ఉద్యోగం పోయినవాళ్ల కాగితాల్లో నిరుటి జీతమే ఉంటుంది. 1943 బెంగాల్ కరువు గురించి ఆర్థికవేత్త అమర్త్యసేన్ 1981లో రాసింది కూడా ఇలాంటిదే: తిండి కొరత కన్నా, ఉన్న తిండిని కొనుక్కునే శక్తి పోవడమే అంతమందిని చంపిందని. ఆ శక్తి ఒక్క వారంలో పోగలదు. అవసరం లేనివాళ్లకి ఇస్తే ఒక సంచి పోతుంది. అవసరం ఉన్నవాళ్లకి ఇవ్వకపోతే పిల్లలు పస్తు పడుకుంటారు. రెండూ ఒకే తప్పు ఎలా అవుతాయి?

నిప్పురవ్వ: చిరుగాలి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ నలభై సంచులకి అరవై మంది వస్తే ఏం చేస్తారు? మొహమాటం లేనివాళ్లు ముందు నిలబడతారు. మీరు చెప్పిన ఆమెలాంటివాళ్లు వెనకే ఉండి ఖాళీ చేతులతో పోతారు. ఏదో ఒక పద్ధతి లేకపోతే నష్టపోయేది వాళ్లే.

చిరుగాలి: ఆ మాట నిజమే, నేను అంత దూరం ఆలోచించలేదు. అయితే రుజువు అడిగితే ఆమె ముందుకు రాదు కదండీ, అసలు రావడమే మానేస్తుంది. ఇంట్లో ఎంతమంది, చిన్నపిల్లలున్నారా, ఈ రాత్రికి వండుకోడానికి ఏమన్నా ఉందా, ఇవి పక్కకి పిలిచి నెమ్మదిగా అడగండి. క్యూ వద్దు, ఒక్కొక్కరికీ ఒక్కో టైమ్ ఇవ్వండి. సంచి సైజు ఇంట్లో మనుషుల్ని బట్టి ఉండాలి.

నిప్పురవ్వ: టైమ్ ఇవ్వడం బాగుంది. దానికి ఒప్పుకుంటాను. మాటని నమ్మి ఇవ్వడం మీదే నాకింకా అనుమానం.

బాటసారి: వచ్చే నెల క్యూ తీసేసి చూస్తాం. రిజిస్టర్ టేబుల్ కూడా గుమ్మం దగ్గర్నుంచి లోపలికి జరుపుతున్నాం. అసలు గుమ్మం దాకా కూడా రానివాళ్ల సంగతేంటి? వాళ్లని ఎవరైనా ఎలా కనుక్కున్నారో చెప్పండి.