సంఘాన్ని విడిచిన తరువాత సిద్ధాంతాలను ఎక్కడి నుంచి పరీక్షించాలి?

దేవరకొండ పాఠకుడు (ప్రశ్న)

నేను పుట్టి పెరిగింది దేవరకొండ దగ్గర ఒక పల్లెలో, ఏ మిషనుకూ చెందని ఒక స్వతంత్ర సహవాసంలో. ఆ సంఘం పేరు ఇక్కడ చెప్పదలచుకోలేదు. మా ఇంట్లో బొట్టు, నగ, సినిమా అనేవి లేవు. బతుకమ్మ నాడు చెల్లెలు గుమ్మం దాటి చూడడానికి కూడా వీలుండేది కాదు. పక్కింటివారు బోనాల పండుగకు కూర పంపిస్తే, అది విగ్రహాలకు అర్పించినదని అమ్మ పారబోసి, గిన్నె మాత్రం శుభ్రంగా తోమి తిరిగి ఇచ్చేది. ఊళ్లో ఉన్న ఇతర సంఘాలవారు కూడా మా పెద్దల దృష్టిలో పేరుకే క్రైస్తవులు. ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లిన తరువాత ఒక స్నేహితుని పెళ్లికి గుడికి వెళ్లానన్న కారణంతో నన్ను ప్రభువు బల్లకు, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారానికి, దూరంగా ఉంచారు. కొంతకాలానికి నేనే పూర్తిగా మానుకున్నాను.

కట్టుబాట్లను వదలడం పెద్ద కష్టం కాలేదు. వదలనిది సిద్ధాంతమే. చిన్నతనంలో బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసి ఉండి, పొయ్యి మీద పప్పు ఉడుకుతూ, ఇంట్లో మనిషి మాత్రం కనబడకపోతే, రాకడ, అంటే క్రీస్తు తిరిగి రావడం, జరిగిపోయిందని, అందరూ పరలోకానికి ఎత్తబడగా నేనొక్కణ్ణే మిగిలిపోయానని వణికిపోయేవాణ్ణి. అమ్మ చేదబావి దగ్గర నుంచి బిందెతో వచ్చేదాకా ఆ వణుకు తగ్గేది కాదు. నమ్మకం సడలిన ఈ రోజుల్లో కూడా ఆ భయం అప్పుడప్పుడు తిరిగి వస్తుంది.

ఒక్క సిద్ధాంతాన్ని శంకిస్తే మొత్తం విశ్వాసమే కూలిపోతుందని మాకు నేర్పారు. అది నిజమేనా? కొండమీద ప్రసంగంలోని మాటలు నాకు ఇప్పటికీ సత్యంగానే తోస్తాయి, కానీ నిత్య నరకాన్ని, సంఘం బయట రక్షణ లేదనే మాటను నమ్మలేకపోతున్నాను. కొన్నిటిని ఉంచుకొని కొన్నిటిని విడవడం నిజాయితీ అవుతుందా, లేక నాకు అనుకూలమైనవి ఏరుకోవడమే అవుతుందా?

పాలమూరు మాస్టారు

తమ్ముడూ, నేను మహబూబ్‌నగర్‌లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మెనోనైట్ బ్రెదరన్ సంఘంలో పుట్టి, నేటికీ అందులోనే కొనసాగుతున్నాను. కాబట్టి నా జవాబు విశ్వాసం లోపల ఉన్నవాడి జవాబు అని తెలిసి చదవండి.

మీకు ఒకే మూటగా కట్టి ఇచ్చిన సిద్ధాంతాలన్నీ ఒకే కాలంలో పుట్టినవి కావు. మిమ్మల్ని అంతగా భయపెట్టిన ‘ఎత్తబడుట’నే తీసుకోండి. లోకాంతానికి ముందు వస్తాయనే మహాశ్రమలకు ముందే క్రీస్తు రహస్యంగా వచ్చి విశ్వాసులను తీసుకుపోతాడని, ఆ తరువాత మరొకసారి బహిరంగంగా వస్తాడని రెండు దశలుగా చెప్పే బోధ ప్రధానంగా 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ అనే ప్లిమత్ బ్రెదరన్ బోధకుని ద్వారా వ్యాపించింది. 1909లో అచ్చైన స్కోఫీల్డు బైబిలు పేజీల అడుగున ఉన్న వివరణల వల్ల అది దేశదేశాలకు పాకింది. చాలామంది చదువరులకు వాక్యమేదో, వివరణ ఏదో తేడా తెలియకుండా పోయింది. క్రీస్తు తిరిగి వచ్చి సజీవులకూ మృతులకూ తీర్పు తీరుస్తాడని చెప్పే నైసీయ విశ్వాస ప్రమాణంలో ఈ రెండు దశల ప్రస్తావనే లేదు. అంటే దాదాపు పద్దెనిమిది వందల ఏళ్లపాటు కోట్లాది క్రైస్తవులు ఆ వరుస తెలియకుండానే బ్రతికి, విశ్వాసులుగానే చనిపోయారు.

నరకం విషయంలో కూడా సంఘమంతా మొదటి నుంచి ఒకే మాట మీద లేదు. నాలుగవ శతాబ్దంలో నైసీయ విశ్వాసం కోసం గట్టిగా నిలబడినవారిలో ఒకడైన నిస్సా గ్రెగొరీ, దేవుని శిక్ష శుద్ధి చేయడానికేనని, చివరకు అందరూ ఆయనతో సమాధానపడతారని ఆశించాడు. ఆ తరువాత అలాంటి బోధను సంఘం ఖండించింది కానీ, ఆయనను మాత్రం నేటికీ పరిశుద్ధుల వరుసలోనే ఉంచింది. కొత్త నిబంధనలోని 27 పుస్తకాల పట్టిక ఈనాటి రూపంలో మనకు మొదట కనబడేది కూడా 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాసిన ఈస్టరు లేఖలోనే.

ఇక ప్రశ్నించడమే పాపమనే మాట గురించి. మా మెనోనైట్లు ఎవరి సంతతి? 1525లో జ్యూరిక్ నగరంలో, శిశువులకు ఇచ్చే బాప్తిస్మం లేఖనానుసారం కాదని వాదించి, పెద్దవయసులో మళ్లీ బాప్తిస్మం తీసుకున్నవారి సంతతి. వారిలో ఫెలిక్స్ మాంట్స్‌ను 1527 జనవరిలో అక్కడి లిమ్మట్ నదిలో ముంచి చంపారు, చంపించినవారు కూడా రోమన్ కాథలిక్ సంఘం నుంచి విడిపోయిన సంస్కరణవాదులే. ఆ పరంపరకు చెందిన మిషనరీలు రష్యా నుంచి మన నల్లగొండకు వచ్చింది పంతొమ్మిదవ శతాబ్దం చివర. మన జిల్లాల్లో అనేక సంఘాలకు మూలం సిద్ధాంతాన్ని శంకించినవారే అయినప్పుడు, శంకించే హక్కు వారి తరంతోనే ముగిసిందని చెప్పడం నాకు విడ్డూరంగా ఉంటుంది. మీ పెద్దలు ఎత్తబడుటకు ఆధారంగా చూపేది థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయం కదా? ఒక్క పుట తిప్పండి. “సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి” అని అయిదవ అధ్యాయంలో ఉంది. ఏరుకోవడం తప్పని పౌలు అనలేదు.

గడియారం సెంటర్

మాస్టారు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, కానీ దాని నుంచి తీసే నిర్ణయంతో ఉంది. ఒక సిద్ధాంతం 1830లలో పుట్టినంత మాత్రాన అబద్ధం కాదు, మొదటి శతాబ్దంలో పుట్టినంత మాత్రాన నిజమూ కాదు. వయసును బట్టి తీసివేస్తూ పోతే చివరకు మిగిలేది పాత నమ్మకమే తప్ప సత్యమని రుజువైనది కాదు. నేను నల్లగొండలో ఇలాంటి కట్టుదిట్టమైన సహవాసం నుంచే బయటికి వచ్చాను, నాకు ఇప్పుడు దేవుని మీద నమ్మకం లేదు.

నాకు ఉపయోగపడిన పరీక్ష వేరు. ఏమి జరిగితే ఈ మాట తప్పని మీరు ఒప్పుకుంటారు? ఈ ఒక్క ప్రశ్న ప్రతి సిద్ధాంతాన్నీ అడగాలి. మా కూడికల్లో రోగుల కోసం ఉపవాస ప్రార్థనలు జరిగేవి. జ్వరం తగ్గితే దేవుని కృప. తగ్గకపోతే ఇంట్లో ఎవరికో విశ్వాసం చాలలేదు. మనిషి చనిపోతే దేవుని చిత్తం. ఏది జరిగినా సిద్ధాంతానికి ఓటమి లేదు, ఓడిపోయేది మాత్రం ఎప్పుడూ ఆ రోగి తల్లిగానీ భార్యగానీ. ఓటమికి తావే లేని మాట, ప్రపంచం ఎలా ఉందో మనకు ఏమీ చెప్పడం లేదని నా అభిప్రాయం.

అరుదుగా కొందరు తారీఖు చెప్పి ఇరుక్కుంటారు. అమెరికాలో విలియం మిల్లర్ దానియేలు గ్రంథంలోని 2300 దినాలను సంవత్సరాలుగా లెక్కగట్టి రాకడ దగ్గరపడిందని బోధించగా, ఆయన అనుచరులు చివరకు 1844 అక్టోబరు 22 అని దినం నిర్ణయించుకున్నారు. కొందరు రైతులు పంట కూడా కోయలేదు. ఆ దినం గడిచిపోయింది. ఎందరో విడిచిపోయారు కానీ, తారీఖు సరైనదేనని, ఆ రోజు జరగవలసిన కార్యం భూమి మీద కాక పరలోకంలో జరిగిందని మరికొందరు సరిపెట్టుకున్నారు. పరలోకంలో జరిగినదాన్ని ఎవరు పోయి చూసి వస్తారు?

మరొక్క మాట. బయటికి వచ్చిన కొత్తలో నేను ఒక హేతువాద బృందంలో చేరాను. ఎవరి పుస్తకాలు చదవాలో, ఎవరి ఇంటి గృహప్రవేశానికి వెళ్లకూడదో అక్కడా ఇద్దరు ముగ్గురు నిర్ణయించేవారు. మా సంఘ పెద్దలు తెల్లచొక్కాలు వేసుకునేవారు, వీరు వేసుకోరు, అంతే. అక్కడ నేను ఎక్కువ కాలం నిలవలేదు. ఒక నిశ్చయం పోగానే మరొక నిశ్చయం కోసం చేయి చాచకండి, కొంతకాలం తెలియదనే మాటతోనే ఉండగలిగితే ఉండండి.

కల్వకుర్తి టీచరు

ఇద్దరూ చెప్పింది చదివాను. ఇద్దరూ మగవారే అనుకుంటాను, ఎందుకంటే మా ఆడవాళ్లకు సిద్ధాంతం మొదట తగిలేది 1830 దగ్గరా కాదు, 1844 దగ్గరా కాదు, ముసుగు దగ్గర.

స్త్రీలు సంఘములో మౌనముగా ఉండవలెనని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఉందని మాకు ఆదివారం ఆదివారం వినిపించేవారు. అదే పత్రిక 11వ అధ్యాయంలో స్త్రీ ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల కప్పుకోవాలని ఉంది. నోరే విప్పకూడని మనిషి ప్రవచించేది ఎట్లా? ఈ ప్రశ్న నేను ఇంటర్ చదివే రోజుల్లో అడిగితే, అన్నం వడ్డించే గరిటె చేతిలో పెట్టి వంటశాలకు పంపారు. తరువాత చదువుకుంటే తెలిసింది, మౌనం గురించిన ఆ రెండు వచనాలు కొన్ని ప్రాచీన ప్రతుల్లో అధ్యాయం చివర వేరే చోట ఉన్నాయని, వాటిని ఎవరైనా తరువాత చేర్చారేమోనని కొందరు పండితులు సందేహిస్తున్నారని. అపొల్లో అనే వాగ్ధాటి గల బోధకుణ్ణి చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరచినవారిలో ప్రిస్కిల్ల ఉన్నదని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయమే చెబుతున్నది. మా పెద్దలు ఆ అధ్యాయం చదివేవారు, అక్కడ మాత్రం వ్యాఖ్యానం చేసేవారు కాదు. కాబట్టి ఏరుకోవడం మీరు కొత్తగా మొదలుపెట్టేదేమీ కాదు. వాళ్లు ఏరి ఇచ్చినదాన్నే మీరు మొత్తం అనుకున్నారు.

అయితే గడియారం సెంటర్ గారు దాటిపోయిన ఒక సంగతి ఉంది. మా నాయనమ్మను ఊళ్లో ఎవరి అరుగు మీదా కూర్చోనిచ్చేవారు కాదు. ఆమె మొదటిసారి అందరితో సమంగా కూర్చున్నది ప్రార్థన మందిరంలో పరచిన చాప మీద, అక్షరాలు నేర్చుకున్నది సువార్తలు చదవడానికి. ఆ సంఘమే తరువాత బిగుసుకుపోయి మా నోరు కట్టేసిందన్నదీ నిజమే. పైగా 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకు, ఆ తరువాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు తప్ప ఆ హోదా లేదు, మన రాష్ట్రంలో ఆ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారిని బీసీ-సీ కింద లెక్కిస్తారు. ఇంత పోగొట్టుకొని పట్టుకున్న విశ్వాసాన్ని నువ్వు ఊరికే వదిలేశావా అని అమ్మ అడిగితే, దానికి డార్బీ జవాబు కాడు. మీరు సంఘం విడిచారని తెలియగానే సంబరపడి దండలు తెచ్చేవారు కూడా ఊళ్లో ఉంటారు. వారు ఒకప్పుడు మీ తాతను ఎక్కడ నిలబెట్టారో గుర్తుంచుకొని వారితో మాట్లాడండి.

దేవరకొండ పాఠకుడు

అందరికీ నమస్కారాలు. టీచరు గారూ, మీరు ఊహించిన మాటే అమ్మ దాదాపు అడిగింది. మాస్టారు గారిని మరొకటి అడగాలి. నన్ను తొలగించిన రోజు పెద్దలు హెబ్రీయులకు రాసిన పత్రిక ఆరవ అధ్యాయం 4 నుంచి 6 వచనాలు చదివారు. ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవారిని మారుమనస్సుకు మళ్లీ తేవడం అసాధ్యమని అందులో ఉంది. అమ్మ ఆ వచనాలనే తలచుకొని రాత్రుళ్లు ఏడుస్తున్నదట. నాకు తిరిగి వెళ్లే ఉద్దేశం లేదు, కానీ ఆమెకు ఏమి చెప్పాలి?

పాలమూరు మాస్టారు

ఆ వచనాల మీద సంఘం ఒకసారి చాలా పెద్ద పరీక్షే ఎదుర్కొన్నది. 250 ప్రాంతంలో రోమా చక్రవర్తి డెసియస్, సామ్రాజ్యంలోని వారందరూ దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. ప్రాణభయంతో ఎందరో క్రైస్తవులు అర్పించారు, కొందరు డబ్బిచ్చి పత్రం మాత్రం సంపాదించుకున్నారు. హింస సద్దుమణిగిన తరువాత వారు తిరిగి రాగా, చేర్చుకునే అధికారం సంఘానికి లేదని రోములో నొవాషియన్ వాదించాడు. పశ్చాత్తాపానికి గడువు పెట్టి చేర్చుకోవాలని రోములో కొర్నేలి, కార్తేజిలో సిప్రియన్ నిలబడ్డారు. నొవాషియన్ వర్గం వేరుపడింది. సంఘంలో అధిక భాగం తలుపు తెరిచే ఉంచింది. మీ పెద్దలు చదివిన తీరు ఆనాడు ఓడిపోయిన పక్షానిది.

గడియారం సెంటర్ గారు నవ్వుతారేమో, ఇది కూడా వయసును బట్టి చెప్పే వాదనేనని. నవ్వనివ్వండి. మీ అమ్మగారికి కావలసింది వాదన కాదు, వాక్యంలో ఒక ఆసరా. లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుని ఉపమానం ఆమెకు కంఠతా వచ్చే ఉంటుంది, దాన్ని మీరు ఆమెకు చదివి వినిపించవచ్చు. నేను తిరిగి వస్తానని మాత్రం దానికి జోడించకండి, ఆ మాట మీకు నిజం కాదు కాబట్టి. సంఘానికి వెళ్లననీ, ప్రతి పండుగకూ ఇంటికి వస్తాననీ రెండూ ఒకేసారి చెప్పండి. పెద్దలు ఆమెను ప్రశ్నిస్తే, కుమారునితో భోజనం చేయకూడదన్న కట్టుబాటు ఎక్కడ రాసి ఉందో చూపమని అడగమనండి. వారు బహుశా కొరింథీయుల మొదటి పత్రిక అయిదవ అధ్యాయం చూపిస్తారు. అది తండ్రి భార్యను ఉంచుకున్నవాని గురించి మొదలయ్యే అధ్యాయమని, పెళ్లికి గుడికి వెళ్లినవాని ఊసు అందులో లేదని ఆమె అక్కడే చదివి చెప్పవచ్చు.

కల్వకుర్తి టీచరు

మాస్టారు గారూ, ఆ అయిదవ అధ్యాయంలో, కలిసి భోజనం చేయకూడనివారి జాబితాలో విగ్రహారాధకుడు కూడా ఉన్నాడు, పెద్దలు సరిగ్గా ఆ మాటనే పట్టుకుంటారు. దానికి జవాబు కూడా అదే పత్రిక పదవ అధ్యాయంలో ఉంది. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లి వడ్డించినది తినమని 27వ వచనం చెబుతున్నది. అమ్మగారు ఆ పుటలో కాగితం ముక్క పెట్టుకొని సిద్ధంగా ఉండడం మంచిది.