పొమ్మనుటే చాలా, పొమ్మనుటే చావా?

గోదారి గట్టు:
నాలుగు రోజులుగా ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. మా ఊరి హైస్కూలు గోడపత్రికకి రిచర్డ్ మూర్ గురించి ఒక పేజీ రాస్తున్నాను. ఉత్తర ఐర్లండులో డెరీ ఊరాయన. 1972 మే 4న బడి వదిలాక ఇంటికి వెళ్తుంటే బ్రిటిష్ సైనికుడు పేల్చిన రబ్బరు తూటా తగిలి రెండు కళ్ళూ పోయాయి. అప్పటికి పదేళ్ళ పిల్లాడు. ఆ సైనికుడెవరో తెలుసుకుని, 2006లో తనే వెళ్ళి కలిశారు. అప్పట్నుంచీ ఇద్దరూ స్నేహితులు. దలైలామా ఆయన్ని "నా హీరో" అంటారు.

పేజీ నెత్తిన వేమన పద్యం పెడదామనుకున్నా:

చంపదగినయట్టి శత్రువు తనచేత
చిక్కెనేని కీడు సేయరాదు
పొసగ మేలు చేసి పొమ్మనుటే చా...

ఇక్కడే ఆగాను. నేను బళ్ళో చదివింది "చాలు". మా నాన్నగారు మాత్రం "చావు" అనే చదివేవారు, ఆ "వు" మీద గొంతు తగ్గించి మరీ. మీ నోట ఏది ఆడుతుంది? ఇంకో సంగతి కూడా. శీర్షికలో "లివింగ్ ఐరిష్ హీరో" అన్నదాన్ని "సజీవ ఐరిష్ వీరుడు" అని రాశాను గానీ చెవికి పొసగడం లేదు.

ఆటవెలది:
ముందు ఛందస్సు తేల్చేద్దాం. పద్యం ఆటవెలది, మూడో పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి. పొసగ, మేలు, చేసి ఆ మూడు సూర్యగణాలు. పొమ్మను భగణం, టేచాలు తగణం. "చావు" పెట్టినా అదే తగణం. కాబట్టి గణాలు ఏమీ తేల్చవు, యతి అంతకన్నా తేల్చదు. ఒక్కటి మాత్రం ఖాయం: "టే" దీర్ఘమే. చాలామంది "పొమ్మనుటె" అని హ్రస్వం రాసేస్తున్నారు. అప్పుడు "టెచాలు" జగణమవుతుంది, ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు.

ఇక పాఠం విషయానికొస్తే నా ఓటు "చావు"కే. మొదటి పాదం "చంప"తో మొదలైంది. చంపదగినవాణ్ణి చంపకుండానే చంపడం ఎలాగో మూడో పాదం చెప్తుంది. వాడికి మేలు చేసి పంపిస్తే అదే వాడి చావు. "చాలు" అంటే పద్యం చప్పబడిపోతుంది. వేమన చప్పగా ముగించే మనిషి కాడు.

పాలమూరు బిడ్డ:
సార్, మా బడి పుస్తకంల "చాలు" అనే ఉండె. మా తాత సదివింది గూడ అదే. ఆయనకు అక్షరం ముక్క రాదు, వినుకుంట నేర్సుకున్నడు. పుస్తకం మార్సింది అందామంటే తాతకు పుస్తకమే లేదు గద.

"చావు" అంటే పగ కడుపుల పెట్టుకొని మేలు జేసినట్టు. గది మేలెట్లయితది? వేమన గంత చిన్న మాట చెప్పడు.

ఆటవెలది:
తాతగారి నోటికి నమస్కారం. కానీ నోటిలో ఉన్న పద్యం ఎప్పుడూ మెత్తబడే వైపుకే జారుతుంది. గరుకు మాట నున్న మాట అవుతుంది గానీ, నున్న మాట గరుకెక్కడం అరుదు. రెండు పాఠాలున్నప్పుడు కష్టంగా మింగుడుపడేదే పాతది అయ్యుండే అవకాశం ఎక్కువ. "చాలు"ని ఎవడైనా "చావు" అని ఎందుకు మారుస్తాడు చెప్పండి?

పాలమూరు బిడ్డ:
ఎందుకు మార్చడు? పైన "చంప" అని ఉన్నది కాబట్టి కింద "చావు" అని నోరు దానంతటదే పోతది. రాసేటోని చెయ్యి గూడ అంతే. మీరు చెప్పిన కారణమే నాకు సాక్ష్యం.

నాగులేటి ఒడ్డు:
పద్యం సంగతి మీరు చూసుకోండి, నాకు "సజీవ వీరుడు" దగ్గర పేచీ ఉంది. "సజీవ" అనగానే "సజీవ దహనం" వినపడుతుంది. అది సరే, అసలు "వీరుడు" అన్న మాట బతికున్నవాడికి వాడొచ్చా?

మాది పల్నాట కారెంపూడి దగ్గర. మాకు "వీరులు" అంటే పల్నాటి యుద్ధంలో పోయి గుళ్ళో ఉన్నవాళ్ళు. కార్తీక అమావాస్యకి తిరునాళ్ళు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు నడుస్తుంది. ఆయుధాలు తెచ్చి మొక్కుతారు, వీరవిద్యావంతులు కథ పాడతారు. ఆ అయిదు రోజులూ "వీరుడు" అంటే చనిపోయి దేవుడైనవాడే. ఊరి చివర వీరగల్లు, అంటే వీరుడి గుర్తుగా నిలిపే రాయి, కూడా బతికున్నవాడికి నిలపరు. వీరమరణం, అమరవీరులు, వీరస్వర్గం, అన్ని మాటలూ చావు గడప దాటినవే. బతికున్న మనిషిని మా పెద్దవాళ్ళు "మొనగాడు" అంటారు, "మగోడు" అంటారు, "వీరుడు" అనరు.

ముంగండ మనవడు:
పల్నాటి వాడుక గొప్పదే, కాదనను. కానీ అది ఒక్కటే కొలబద్ద కాదు కదండీ. పరమవీర చక్ర అందుకున్నవారిలో బాణా సింగ్, యోగేంద్ర సింగ్ యాదవ్, సంజయ్ కుమార్ నిక్షేపంగా ఉన్నారు. వాళ్ళని వీరులు అనకుండా ఏమంటాం?

అసలు గోదారి గట్టు గారికి కావలసిన మాట మా ఊరాయన ఎప్పుడో ఇచ్చి పెట్టాడు. అలంకారశాస్త్రం రాసిన జగన్నాథ పండితరాయలు వీరరసానికి నాలుగు భేదాలు చెప్పాడు: దానవీరం, దయావీరం, యుద్ధవీరం, ధర్మవీరం. అక్కడితో ఆగితే ఆయన జగన్నాథుడెలా అవుతాడు? ఈ నాలుగేనని గిరి గీయడం కుదరదు, లెక్కపెడితే సత్యవీరం, పాండిత్యవీరం, క్షమావీరం, బలవీరం కూడా ఒప్పుకోవాలని వాదించాడు. చూశారా, క్షమావీరం! కత్తి పట్టనివాడికి, పగ పట్టనివాడికి కూడా వీరరసంలో పీట వేసిన మాట. "క్షమావీరుడు" అని శీర్షిక పెట్టండి. డెరీ ఆయనకి కుట్టించినట్టు సరిపోతుంది.

జగన్నాథుణ్ణి తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఉదాహరణ శ్లోకాలన్నీ తనవే వాడుకున్నాడు, ఒక్కటీ అరువు తెచ్చుకోలేదు. కస్తూరిని పుట్టించే శక్తి ఉన్న జింక పూల వాసనని మనసుకైనా తెచ్చుకుంటుందా అని అడిగాడు. కోనసీమ మట్టిలోంచి వెళ్ళి షాజహాను కొలువులో కూర్చున్నా ఆ ధీమా తగ్గలేదు.

ఆటవెలది:
జగన్నాథుడి ధీమా గురించి ఇంకో రోజు విడిగా మాట్లాడుకుందాం, నా దగ్గరా చాలా ఉంది. ఇప్పుడు "క్షమావీరుడు" పిల్లలకి ఎక్కుతుందా అన్నది ప్రశ్న. ఎనిమిదో తరగతి పిల్లాడు "క్షమించండి" అంటే సారీ అనుకుంటాడు.

డబ్లిన్ తెలుగమ్మాయి:
ఇక్కణ్ణుంచి రెండు మాటలు. "ఐరిష్" అని రాయడంలోనే చిక్కు ఉంది, తెలిసి రాయండి. డెరీ యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఉంది. ఆ ఊరి పేరే తగాదా: ఐర్లండులో కలవాలనేవాళ్ళకి డెరీ, బ్రిటన్‌తో ఉండాలనేవాళ్ళకి లండన్‌డెరీ. మీరు ఏ పేరు పలికారో దాన్నిబట్టి మీది ఏ పక్షమో అంచనా కట్టేస్తారు. ఇక్కడ మనం "లు", "వు" అని కొట్టుకుంటుంటే నాకు అదే గుర్తొచ్చింది. మూర్ గారు క్రెగాన్ వైపు కుర్రాడు. ఆయన కళ్ళు పోవడానికి మూడు నెలల ముందే, 1972 జనవరి 30న, బ్లడీ సండే నాడు సైన్యం కాల్పుల్లో ఆయన మేనమామ చనిపోయారు. ఆ ఇంటి పరిస్థితి ఊహించండి. అలాంటి ఇంట్లో పగ పెంచుకోకుండా పెరగడం మామూలు సంగతి కాదు.

రెండోది. 2010లో ఇక్కడి ప్రభుత్వ టీవీ "ఐర్లండులో అందరికన్నా గొప్పవారు ఎవరు" అని జనాన్ని అడిగితే చివరి అయిదుగురిలో మైకేల్ కాలిన్స్, జేమ్స్ కానలీ, మేరీ రాబిన్‌సన్, బోనో, జాన్ హ్యూమ్ నిలిచారు. గెలిచింది హ్యూమ్. ఆయనా డెరీ వారే, 1998లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నారు. అప్పటికి బతికే ఉన్నారు, 2020లో పోయారు. కాలిన్స్, కానలీ తుపాకీ పట్టి ప్రాణాలిచ్చినవాళ్ళు. వాళ్ళని కాదని జనం మాటలతో శాంతి తెచ్చిన బడిపంతులుకి ఓటేశారు. బతికున్నవాళ్ళని వీరులు అనరన్న నాగులేటి ఒడ్డు అన్నయ్యకి ఇది చెప్పాలనిపించింది.

నన్నడిగితే మాత్రం ఇప్పుడు ఆ మాటకి తగింది కేథరిన్ కోర్లెస్. ట్యూమ్ అనే ఊళ్ళో సన్యాసినులు నడిపిన తల్లీబిడ్డల ఆశ్రమంలో 1925 నుంచి 1961 దాకా చనిపోయిన 796 మంది పిల్లల మరణ పత్రాలు, తన డబ్బు కట్టి ఒక్కొక్కటే తెప్పించుకున్నారు. పత్రాలున్నాయి, సమాధులు లేవు. ఊళ్ళోవాళ్ళు ముఖం తిప్పుకున్నా ఆగలేదు. 2017లో విచారణ కమిషను అక్కడ పసిపిల్లల ఎముకలున్నాయని చెప్పింది, 2021లో ప్రధాని క్షమాపణ చెప్పారు, 2025లో తవ్వకం మొదలైంది. పేర్లు పోగొట్టుకున్న పిల్లలకి పేర్లు తిరిగి ఇచ్చింది ఆవిడ. జగన్నాథుడు చెప్పిన వీరాల్లో ఆవిడది ఏ వీరం?

ముంగండ మనవడు:
సత్యవీరం, అమ్మా. సందేహమే లేదు.

నాగులేటి ఒడ్డు:
మా దగ్గర వీరగల్లు వేసేది కూడా అందుకే, చెల్లెమ్మా, పేరు పోకుండా. ఆవిడ 796 రాళ్ళు నిలబెట్టినట్టే. ఆవిడని వీరురాలు అనడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ వాడుక వాడుకే.

పాలమూరు బిడ్డ:
ఐర్లండు అంటే యాదికొచ్చింది. మన వి.వి. గిరి గారు 1913ల డబ్లిన్‌కు పోయి లా చదివిండ్రు. 1916 ఈస్టర్ తిరుగుబాటైనంక అక్కడ ఉండనియ్యలే, తిరిగొచ్చిండ్రు. గట్ల జూస్తే మనకు ఆ దేశం మరీ పరాయిది గాదు.

గోదారి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. శీర్షికకి "క్షమావీరుడు" దగ్గర మనసు నిలిచింది. ఆటవెలది గారి అనుమానం నాకూ ఉంది గానీ, పిల్లలకి కొత్త మాట ఒకటి అందితే మంచిదే. పద్యం మాత్రం అలాగే మిగిలిపోయింది. నాకో కొత్త అనుమానం కూడా వచ్చింది. మూర్ గారు చాలాచోట్ల చెప్పిన సంగతి ఒకటుంది: క్షమ అన్నది ముందుగా నాకు నేను ఇచ్చుకున్న కానుక అని. జరిగిపోయినదాన్ని అది మార్చదు, ముందున్నదాన్ని మారుస్తుందని. ఇందులో అవతలివాణ్ణి సిగ్గుతో చంపాలన్న ఊసే లేదు. మరి "చావు" పాఠం ఆయన పేజీ మీద పెడితే ఆయనకి అన్యాయం చేసినట్టు కాదా?

ఆటవెలది:
అది మూర్ గారికి న్యాయమా కాదా అన్నది వేరు. వేమన ఏం రాశాడన్నది వేరు. మనకి నచ్చిన మనిషికి సరిపోవాలని పద్యం పాఠాన్ని దిద్దకూడదు. సరిపోకపోతే వేరే పద్యం వెతుక్కోవాలి. ఇది నేను కోపంతో అనడం లేదు, ఈ పద్యాలు మన దాకా రావడానికి ఎంతమంది ఎన్ని ప్రతులు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారో తెలుసు కాబట్టి అంటున్నాను. బ్రౌన్ 1829లో అచ్చు వేసి, అది చాలదని 1839లో మళ్ళీ పెంచి వేశాడు. ప్రతికో తీరున ఉన్న పాఠాలతో పదేళ్ళు కుస్తీ పట్టాడు.

డల్లాస్ పంతులమ్మ:
ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. ఆదివారం తెలుగు బడిలో ఇదే పద్యం చెప్తాను. మీరంతా "చా" తర్వాత అక్షరం దగ్గర ఉన్నారు, నాకు దాని ముందు మాటే ముల్లులా ఉంది. "పొమ్మనుటే". చాలు అన్నా చావు అన్నా వేమన శత్రువుని పొమ్మన్నాడు. మేలు చేసి, పంపించెయ్. ఇక నీకూ నాకూ లేదు. మూర్ గారు చేసింది అది కాదు కదా. ముప్పై నాలుగేళ్ళ తర్వాత వెళ్ళి పలకరించి స్నేహం కలుపుకున్నారు. పొమ్మనలేదు, రమ్మన్నారు. పైగా ఆ సైనికుడు ఈయన చేతికి చిక్కినవాడూ కాదు, చంపదగినవాడని ఈయన అనుకున్నదీ లేదు. "చంపదగిన" అన్న మాట ఆ స్నేహితుడి గురించి పిల్లల గోడ మీద ఉండటం నాకు మింగుడుపడటం లేదు.

పాలమూరు బిడ్డ:
అక్కా, మంచిగ చెప్పినవ్. నేను గిది ఆలోచించలే.

నాగులేటి ఒడ్డు:
పల్నాటి యుద్ధంలో గెలిచిన బ్రహ్మనాయుడు, ఓడిన నలగాముణ్ణి మళ్ళీ గద్దెనెక్కించి, తను గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని మా దగ్గర చెప్పుకుంటారు. అక్కడ శత్రువుని పొమ్మనలేదు, తనే పోయాడు. అది ఇంకో తీరు.

ముంగండ మనవడు:
"పొమ్మను" అంటే తరిమెయ్యడమే కానక్కర్లేదు. "పోయిరా నాయనా" అని పంపడంలోనూ పొమ్మనడం ఉంది. "పొసగ" అన్న మాట చూడండి. తగినట్టుగా, కలిసేట్టుగా. పొసగడం అంటే ఇద్దరి మధ్య కుదరడం కూడా. వేమన ఆ మాట ఊరికే యతి కోసం వేశాడని నేననుకోను.

ఆటవెలది:
"పొసగ" అక్కడ యతి కోసమే. "పొమ్మను"లోని "పొ"కి పాదం మొదట "పొ" కావాలి. అయినా అర్థం కూడా కుదిరిందంటే కవి గొప్పతనం, ఒప్పుకుంటాను. పాఠం మాత్రం ప్రతులు చూడకుండా తేలదు. బ్రౌన్ పోగు చేసిన తాటాకు ప్రతులు చెన్నైలో ఓరియంటల్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడికి దగ్గర్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

తిరువళ్ళిక్కేణి వీధి:
నేనున్నానండీ, చెన్నైలోనే. వచ్చే వారం అనుమతి కాగితం పెడతాను. మూడో పాదం ఒక్కటేనా, పద్యం మొత్తం రాసుకురమ్మంటారా?

ఆటవెలది:
మొత్తం. "సేయరాదు" దగ్గర "చేయరాదు" అని ఉందేమో అదీ చూడండి.