సెయిలింగ్ రాని వాళ్లకి కౌస్‌లో ఏముంటుంది?

ప్రశ్న:
మేం ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్‌కి వచ్చి ఏడు నెలలైంది. జూన్‌లో రెండు రోజులు ఐల్ ఆఫ్ వైట్ ద్వీపానికి వెళ్దామని మా ఆవిడ, నేను అనుకుంటున్నాం. ఆఫీసులో ఎవర్ని కదిపినా ఆ ద్వీపంలో ఉన్న కౌస్, కౌస్ అంటారు, ఏముంది అక్కడ అంటే "అది సెయిలింగ్ వాళ్ల ఊరు" అని వదిలేస్తారు. మా ఇద్దరికీ సెయిలింగ్‌లో, అంటే తెరచాప పడవలు నడపడంలో, ఓనమాలు కూడా తెలియవు. ఆ ఊరంటే జనానికి ఎందుకంత ఇష్టమో ఎవరైనా చెప్తారా? బీచ్ బాగుంటుందా? ఆగస్టులో కౌస్ వీక్ అని పడవ పందేల వారం ఉంటుందట, అప్పటిదాకా ఆగడం మంచిదా?

జవాబు:
బీచ్ కోసమైతే కౌస్ వద్దండి. అక్కడ ఒడ్డంతా గులకరాళ్లు. ఇసుక కావాలంటే రైడ్, శాండౌన్ వైపు వెళ్లండి.

నేను ఈస్ట్ కౌస్‌లో నాలుగేళ్లు ఉన్నాను. మెడీనా నది ఊరిని రెండుగా కోస్తుంది. కార్ల ఫెర్రీ ఈస్ట్ కౌస్‌లో దింపుతుంది, మనుషులు మాత్రమే ఎక్కే రెడ్ జెట్ అయితే అరగంటలోపే అవతలి ఒడ్డున, అంటే అసలు కౌస్‌లో దింపుతుంది. మీరు అదే ఎక్కండి. ఈ రెండు ఒడ్లకీ మధ్య వంతెన లేదు, 1859 నుంచీ గొలుసుల మీద నడిచే ఫెర్రీయే దిక్కు. దాన్ని ఫ్లోటింగ్ బ్రిడ్జి అంటారు. ఒకసారి పని లేకపోయినా ఎక్కి ముందువైపు నిలబడండి. లావుపాటి గొలుసు నీళ్లు కారుస్తూ నదిలోంచి పైకి లేచి, పడవలోకి పోయి, వెనకనుంచి మళ్లీ మునిగిపోతుంటుంది. రోజూ ఎక్కినా నాకు అది చూడటం మాత్రం విసుగు పుట్టలేదు.

హై స్ట్రీట్ ఇరుకు, అక్కడినుంచి సముద్రం కనపడదు. కానీ రెండు ఇళ్ల మధ్య సందులోకి తల తిప్పితే చాలు, చివర్లో నీళ్లు, పడవల స్తంభాలు. రాత్రి గాలి లేస్తే ఆ స్తంభాలకి తాళ్లు టకటకా కొట్టుకునే చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. మొదటి వారం నిద్ర పట్టలేదు, ఊరు మారాక ఆ చప్పుడు లేక నిద్ర పట్టలేదు.

ఇంకో జవాబు:
పై వారు ఊరి గురించి చెప్పారు, నేను నీళ్ల గురించి చెప్తాను, ఎందుకంటే అక్కడ అన్నిటినీ నడిపేది నీళ్లే. ద్వీపానికీ ఇంగ్లండ్ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న సోలెంట్ జలసంధిలో ఆటుపోట్లు గట్టిగా లాగుతాయి. మీ సౌతాంప్టన్‌లోనే గమనించండి, పోటు ఒకసారి నిండి, కొద్దిగా తగ్గి, మళ్లీ నిండుతుంది. అందుకే కౌస్‌లో పడవ ఉన్నవాళ్లు ఎన్నింటికి కలుద్దాం అంటే ముందు పోటు పట్టిక చూసుకుంటారు.

రాయల్ యాట్ స్క్వాడ్రన్ అనే సెయిలింగ్ క్లబ్ కోట ముందు ఇత్తడి ఫిరంగులు వరసగా ఉంటాయి, పందెం మొదలయ్యేది వాటి మోతతోనే. పందెం రోజు ఆ పక్కనే ఉన్న పచ్చిక దగ్గర నిలబడండి. ఫిరంగి పేలకముందు పడవలన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటాయేమో అన్నంత దగ్గరగా తిరుగుతుంటాయి, ఎవరూ గీత దాటకూడదు, వెనకబడకూడదు. పెద్దగా అరుపులు, తెరచాపలు పటపటలాడటం. ఒక్కసారి మోత వినపడగానే అన్నీ గాలి పట్టి ఒక పక్కకి ఒరుగుతాయి. సెయిలింగ్ రాని మా అమ్మ కూడా రెయిలింగ్ వదలకుండా రెండు గంటలు చూసింది.

అమెరికాస్ కప్ అనే పేరున్న సెయిలింగ్ పోటీ గురించి విన్నారు కదా, దాని మూలం కూడా ఇక్కడే. 1851లో ద్వీపం చుట్టూ జరిగిన పందెంలో 'అమెరికా' అనే పడవ గెలిచింది, కప్‌కి ఆ పేరు పడవ నుంచే వచ్చింది, దేశం నుంచి కాదు.

మరో జవాబు:
ఆగస్టు దాకా ఆగొద్దు. కౌస్ వీక్ 1826 నుంచి ఉంది, చూడాల్సిందే, కానీ ఆ వారం గది దొరకడం కష్టం, మొదటిసారికి ఊరు ఊరులా కనపడదు. మీరు వెళ్లేది జూన్ కాబట్టి రౌండ్ ది ఐలాండ్ రేస్ తేదీ చూసుకోండి. పోటుని బట్టి తేదీ పెడతారు కాబట్టి ఏటా మారుతుంది. ద్వీపం చుట్టూ దాదాపు 50 నాటికల్ మైళ్లు, మొదలూ చివరా కౌస్‌లోనే. తెల్లవారుజామునే మొదలవుతుంది, ముందు రోజు రాత్రి అక్కడే ఉండాలి. పెద్ద పడవలతో పాటు కుటుంబాలు కూడా తమ చిన్న పడవలేసుకుని దిగుతాయి, నాకు ఆ పందెంలో నచ్చేది అదే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. మా ఆవిడకి చదివి వినిపించాను, తాళ్ల చప్పుడు వినాలంటోంది. పందెం లేని రోజు సాయంత్రం ఎక్కడికి వెళ్లొచ్చు?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఒడ్డు వెంట పడమరగా గర్నార్డ్ దాకా నడవండి, తీరిగ్గా నడిస్తే ముప్పావు గంట. సూర్యుడు ఎదురుగానే దిగుతాడు, ఆ వేళకి పడవలు ఒక్కొక్కటీ తెరచాప దించుకుంటూ నదిలోకి వస్తుంటాయి. జూన్ అయినా స్వెట్టర్ మర్చిపోకండి.