డిసెంబరు 4 చార్టు: గాజీ, ఘంటసాల, ఇంకేం పెట్టొచ్చు?

గోపాలపట్నం మాస్టారు:
నేవీ డేకి స్కూలు బోర్డు మీద "చరిత్రలో ఈ రోజు" చార్టు పెట్టాలి. ఆరు అంశాలకే చోటుంది. వాట్సాప్ జాబితాలో వచ్చినవి: పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మునక, కరాచీ మీద దాడి, ఘంటసాల జయంతి, సతీసహగమనం రద్దు, "స్మోక్ ఆన్ ద వాటర్" పాట విడుదల, నడిసముద్రంలో మనుషులెవరూ లేకుండా దొరికిన మేరీ సెలెస్ట్ ఓడ. తేదీలు సరేనా? పిల్లలు ఇంటికెళ్లి గూగుల్ చేసేస్తారు.

బీచ్ రోడ్డు:
మాస్టారూ, మొదటి రెండూ కలిపేయకండి. వైజాగ్‌లో ఎక్కువమంది చేసే పొరపాటు అదే. నేవీ డే గాజీ వల్ల రాలేదు. 1971 డిసెంబరు 4 రాత్రి నిపట్, నిర్ఘాత్, వీర్ అనే క్షిపణి పడవలు కరాచీ మీద చేసిన ఆపరేషన్ ట్రైడెంట్ వల్ల వచ్చింది. గాజీ మునిగింది దానికి ముందు రాత్రి, మన తీరం దగ్గర. అందుకే "డిసెంబరు 3-4 మధ్య రాత్రి" అని రాయండి, ఎవరూ వేలెత్తి చూపలేరు.

కారణం రాస్తే రెండు వాదనలూ రాయాలి: ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలని (నీటి లోపల పేలే బాంబులు) మన నేవీ, ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడని పాకిస్తాన్. గాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది గానీ, అప్పటికి విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. పక్కన ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న మన జలాంతర్గామి కుర్సురా ఫొటో అంటించకండి, పిల్లలు అదే గాజీ అనుకుంటారు. యుద్ధమప్పుడు కుర్సురా అరేబియా సముద్రంలో ఉంది.

పాటల పెట్టె:
ఘంటసాల 1922 డిసెంబరు 4, చౌటపల్లి. ఇది ఖాయం. సంగీతం చదివింది మన పక్క విజయనగరంలోనే, ఆ ముక్క తప్పకుండా వేయండి. ఆయన శతజయంతి రోజునే, 2022లో, రాష్ట్రపతి ముర్ము ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూశారు.

ఆ ఇంగ్లీషు పాట మాత్రం "విడుదల" కాదు. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ నడుస్తుండగా ప్రేక్షకుల్లో ఒకడు ఫ్లేర్ గన్ పేల్చాడు, కాసినో తగలబడింది. డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండ్ పాడిన ఆ పాటకు ఆధారం ఆ మంటలు, పాట వచ్చింది 1972లో. జాపా పోయిందీ ఇదే తేదీన, 1993లో. కరాచీ దాడీ, ఈ మంటలూ ఒకే రోజు కాబట్టి రెండూ ఒకే వరసలో వేస్తే చూడముచ్చటగా ఉంటుంది.

పాత రికార్డులు:
సతి విషయంలో "దేశమంతా రద్దు" అని రాస్తే తప్పే. 1829 డిసెంబరు 4 నాటి గవర్నర్ జనరల్ బెంటింక్ తెచ్చిన రెగ్యులేషన్ 17 బెంగాల్ ప్రెసిడెన్సీకే. అప్పట్లో మనం ఉన్న మద్రాస్ ప్రెసిడెన్సీకి చట్టం వచ్చింది 1830లో.

మేరీ సెలెస్ట్‌కి 4, 5 రెండు తేదీలూ కనిపిస్తాయి, కంగారు పడకండి. అప్పట్లో ఓడల లాగ్‌బుక్కులో రోజు మధ్యాహ్నం 12కే మారేది. ఒడ్డు మీద 1872 డిసెంబరు 4 మధ్యాహ్నం ఒంటిగంట అంటే లాగ్‌లో అప్పటికే 5. చార్టు మీద 4 వేసి, కింద "ఓడ లెక్కలో 5" అని చిన్నగా రాయండి.

గోపాలపట్నం మాస్టారు:
బెంటింక్ పక్కన ప్రెసిడెన్సీ మాట కూడా ఇరికించాలంటే చోటు చాలదండీ. మేరీ సెలెస్ట్ తీసేయనా?

పాత రికార్డులు:
అది తీయకండి, క్విజ్‌కి పనికొస్తుంది. "బెంగాల్‌లో" అన్న ఒక్క మాట చాలు.