ఒరెగాన్ ట్రెయిల్: గుర్రాలా, ఎద్దులా? బండిలో ఎంత బరువు?

పడమటిదారి (ప్రశ్న):
1843లో అమెరికా మిస్సోరీలోని ఇండిపెండెన్స్ ఊరి నుంచి దాదాపు వెయ్యి మంది బళ్లు కట్టుకుని పడమటి తీరంలోని ఒరెగాన్‌కు బయలుదేరారు. ఆ దారే ఒరెగాన్ ట్రెయిల్, సుమారు 3,200 కి.మీ. సినిమాల్లో ఆ బళ్లకు గుర్రాలే కనిపిస్తాయి. నిజంగా ఏం కట్టేవాళ్లు? ఎంత సామాను పట్టేది? దారిలో ముందు పాడయ్యేది ఏది?

కందెన:
ఎక్కువగా ఎద్దులే. గుర్రానికి దాణా మోసుకెళ్లాలి, ఎద్దుకు దారి పక్క గడ్డి చాలు. పైగా చవక. బండికి 4 నుంచి 6 ఎద్దులు, గంటకు 3 కి.మీ. నడక, రోజుకు 24 కి.మీ. అయితే గొప్ప.

బండి తొట్టి సుమారు 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. బరువు 900 కిలోలు దాటితే ఎద్దులు తట్టుకోలేవు. మనిషికి 70-90 కిలోల పిండి లెక్కన నలుగురికి పిండే 280-360 కిలోలు అవుతుంది. పంది మాంసం, కాఫీ, చక్కెర, ఉప్పు, నాగలి, పరుపులు ఆపైన. ఎండకు కొవ్వు కరిగిపోకుండా మాంసాన్ని తవుడులో పెట్టేవాళ్లు. ఇక మనుషులకు చోటెక్కడ? చాలామంది నడిచే వెళ్లారు.

ముందు పాడయ్యేది చక్రం. ప్లాట్ నది దాటి పొడి గాలిలోకి వెళ్లేసరికి కర్ర కుంచించుకుపోయి ఇనుప పట్టా వదులైపోతుంది, చక్రం ఆకులు (నడుమ నుంచి అంచుకు ఉండే కర్రలు) కదులుతాయి. రాత్రంతా ఏట్లో నానబెడితే బిగుస్తుంది గానీ మర్నాటి ఎండకు మళ్లీ అదే కథ. పట్టా కింద చెక్క ముక్కలు దిగ్గొట్టడం కొంత నయం. అసలు మందు: పట్టా ఊడదీసి, చక్రం అంచు చుట్టూ పలుచని చెక్క వేసి, పట్టాను కాల్చి ఎక్కించి నీళ్లు పోయడం. మన కమ్మరి చేసేదీ ఇదే.

ఇరుసు విరిగితే మాత్రం కష్టం. పడమట దొరికే మెత్తని కర్ర ఆ బరువుకు ఆగదు. అందుకే తెలివైనవాళ్లు గట్టి కర్రతో చేసిన ఇరుసు ఒకటి అదనంగా బండి కింద కట్టుకునేవాళ్లు. వెనక ఇరుసుకు తారు, కొవ్వు కలిపిన కందెన బకెట్ వేలాడేది.

పాతపటాలు:
కందెన గారు ఎద్దు కాళ్ల సంగతి వదిలేశారు. గిట్టలు అరిగితే నాడాలు వేయాలి. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు ముక్కలు. ఎద్దు మూడు కాళ్ల మీద నిలబడదు, అందుకని గొయ్యి తవ్వి అందులో వెల్లకిలా పడుకోబెట్టి నాడాలు కొట్టేవాళ్లు.

బయలుదేరే సమయం ఇంకా ముఖ్యం. ఏప్రిల్ చివరికి ముందైతే గడ్డి మొలవదు, ఆలస్యమైతే కొండల్లో మంచు. జులై 4కల్లా ఇండిపెండెన్స్ రాక్ (దారి మధ్యలో, ఇప్పటి వయోమింగ్‌లో ఉన్న పెద్ద బండ) చేరాలన్నది వాళ్ల లెక్క.

చివరి మజిలీ మరీ ఘోరం. 1846లో కొండల మీదుగా బార్లో రోడ్డు పడేదాకా నది ఒడ్డున ద డాల్స్ అనే చోట బళ్లు విప్పి తెప్పల మీద కొలంబియా నదిలో దింపారు. రోడ్డు వచ్చాక బండికి 5 డాలర్ల సుంకం. ఆ రోడ్డు మీద లారెల్ హిల్ అనే నిటారు కొండ దిగేటప్పుడు చెట్టుకు తాడు చుట్టి వదులుతూ, వెనక దుంగ ఈడుస్తూ బండిని ఆపుకునేవాళ్లు.

గట్టునేల:
ఇంత కష్టం ఎందుకంటే నేల కోసం. ఒరెగాన్‌లో నేల పంచడానికి చేసిన 1850 చట్టం ప్రకారం ఆ డిసెంబర్ 1 లోపు స్థిరపడిన ఒంటరి మగవాడికి 320 ఎకరాలు, దంపతులకు 640. అందులో సగం భార్య పేరునే. నాలుగేళ్లు అక్కడే ఉండి సాగు చెయ్యాలి. నల్లవాళ్లకు హక్కు లేదు. ఒరెగాన్‌లోని విల్లమెట్ లోయలో అక్కడి ఆదివాసులైన కలపూయ ప్రజల నేలను ఇలా పంచారు, వాళ్లతో ఒప్పందం కుదిరింది 1855 జనవరిలో. ముందు పంపకం, తర్వాత ఒప్పందం. ఈ వరస తేదీలు చూస్తేనే తెలుస్తుంది.