పడిశం పది రోగాల... పెట్టు? పెట్టె?

(మొదటి పోస్టు, నెల్లూరు నుంచి)

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ తిరుగుతోంది. ఇనప ట్రంకు పెట్టె, మూత సగం తెరిచి ఉంది, లోపల్నుంచి ముళ్ళ బంతుల్లాంటి వైరస్‌లు బయటికి దూకుతున్నాయి, కింద ఎర్రక్షరాలతో "పడిశం పది రోగాల పెట్టె! ఫ్లూ వచ్చేసింది, గడప దాటొద్దు" అని ఉంది. అది చూసిన మా పిన్ని ఆదివారం కావలిలో ఉన్న పెళ్ళికి రానని తేల్చేసింది. మా బాబాయేమో దాని కిందనే "జలుబుకి మందేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు, ఊరికే జనాన్ని బెదరగొట్టొద్దు" అని పెట్టి, రెండు రోజుల జ్వరంతో, దగ్గుకుంటూ, స్కూటర్ మీద ఆఫీసుకు పోయాడు. ఒకే ఇంట్లో మొగుడూ పెళ్ళామూ వీళ్ళిద్దరూ.

నా బాధ ఈ రెండూ కాదు, ఆ ట్రంకు పెట్టె. "అది పెట్టె కాదు, పెట్టు" అని రాశాను. "జనం జ్వరాలతో మూలుగుతుంటే నీకు ఎత్వాలు, కొమ్ములు కావాల్సి వచ్చాయా" అని మా అన్న కసురుకున్నాడు. అందుకే ఇక్కడికి వచ్చా, ఇక్కడైతే ఎవరూ తిట్టరని.

నాకు తెలిసి 'పెట్టు' అంటే సాటి, సమానం. వెయ్యేనుగుల పెట్టు అంటాం, వాడొక్కడే పదిమంది పెట్టు అంటాం. పడిశం ఒక్కటి పట్టిందంటే పది రోగాలు పట్టినంత పని అని సామెత. ముక్కు దిబ్బడ, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, అన్నం సయించదు, నిద్ర పట్టదు, ఇవన్నీ లెక్కేసుకుంటే పది అక్కడే అయిపోతాయి. మీలో ఎవరైనా పెద్దవాళ్ళ నోట 'పెట్టె' అనే విన్నారా? విని ఉంటే చెప్పండి, మా అన్నకి సారీ చెప్పేస్తా.

(ఒంగోలు, రిటైరైన తెలుగు మాస్టారు)

'పెట్టె' అని నేనూ వినలేదు నాయనా. 'పెట్టు'కి ఇంకో అర్థం కూడా ఉంది, దెబ్బ. గొడ్డలిపెట్టు, చెంపపెట్టు. కానీ ఈ సామెతలో అది కుదరదు, పది రోగాలు కొట్టిన దెబ్బ అని లాక్కోవాలి. సాటి అనేదే సరైనది. ఇంకో మాట. పడిశం అంటే అచ్చ తెలుగు మాట అనుకుంటారు చాలామంది. సంస్కృతంలో ప్రతిశ్యాయం అంటారు జలుబుని, ఆయుర్వేదం చదివినవాళ్ళు ఇప్పటికీ ఆ మాటే వాడతారు. ప్రతిహారి పడిహారి అయినట్టే ప్రతిశ్యాయం పడిశం అయింది. మా ఇంట్లో మాత్రం రొంప అనేవాళ్ళు. "రొంప పట్టిందిరా, తల తడుపుకోకు" అని మా అమ్మ మాట.

(కోవూరు నుంచి ఒక తమ్ముడు)

మాస్టారూ, మీరిద్దరూ పెట్టు, పెట్టె దగ్గరే ఆగిపోయారు, మా షాపులో మూడోది కూడా ఉండేది. మాది చికెన్ షాపు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలో, మా కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళు చచ్చిపోతే శాంపిళ్ళు భోపాల్ ల్యాబ్‌కి పంపారు, బర్డ్ ఫ్లూ అని తేలింది, గుర్తుందా? పది కిలోమీటర్ల లోపల షాపులు మూడు రోజులు మూయమన్నారు, కిలోమీటరు లోపలైతే మూడు నెలలు. మేం మూడు రోజులకే తెరిచాం. తెరిచి ఏం లాభం, ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. రోజూ వచ్చే ఆయనే రోడ్డుకి అటుపక్క నుంచి, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని పోయేవాడు. చేపల దగ్గర మాత్రం క్యూ. మా ఫ్రెండు ఒకడు రేట్లు రాసే పలక మీద చాక్‌పీసుతో "పడిశం పది రోగాల పెట్ట" అని రాసి కింద కోడి బొమ్మ గీసి పోయాడు. మా నాయనకి ఆ రోజు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

నిజానికి అప్పుడు డాక్టర్లు చెప్పింది చాలా సింపుల్. 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ చస్తుంది. మన నెల్లూరోళ్ళు కోడికూర పొయ్యి మీద పెడితే ముక్క ఎముక వదిలేదాకా దించరు, డెబ్బై ఎక్కడ, అది సలసలా కాగుతూనే ఉంటుంది గదా! భయపడాల్సింది జబ్బు కోళ్ళని చేత్తో పట్టుకునే మాలాంటోళ్ళు, ఫారాల్లో పనిచేసేవాళ్ళు. మేమేమో గ్లౌజులు లేకుండా కోసేవాళ్ళం, తినేవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని పారిపోయేవాళ్ళు. తలకిందులు యవ్వారం.

(కందుకూరు, స్టాఫ్ నర్సు)

తమ్ముడూ, పెట్ట అన్నావు గానీ దాన్ని జోకుగా కొట్టిపారేయొద్దు. మా అవ్వ ఈ సామెతని "పడిశం పది రోగాలకి పెట్టు" అనేది. ఎందుకవ్వా అంటే, కోడి గుడ్లు పెట్టినట్టు పడిశం రోగాలు పెడుతుంది, అందుకే పొదగనీయకుండా చూసుకోవాలి అనేది. చదువుకోని మనిషి. మాస్టారు ఒప్పుకోరని తెలుసు, కానీ నేను వార్డులో చూసింది అదే. ఫ్లూ వచ్చి నాలుగో రోజు జ్వరం తగ్గి, హమ్మయ్య అనుకున్న మనిషికి రెండు రోజులాగి మళ్ళీ జ్వరం, ఆయాసం. అది న్యుమోనియా. పిల్లలకైతే చెవిపోటు. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది తిరగబెడుతుంది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో మన దేశంలోనే కోటి మందికి పైగా పోయారని అంచనా, ప్రపంచం మొత్తం మీద చూస్తే అప్పుడు పోయినవాళ్ళలో ఎక్కువమంది ఫ్లూ వెనకాల పట్టిన బాక్టీరియా న్యుమోనియాతోనే పోయారని తర్వాత పరిశోధకులు తేల్చారు. మా అవ్వకి అవేమీ తెలియవు, గుడ్లు మాత్రం తెలుసు.

ఇక ఆ బాబాయి గారి గురించి. మందేస్తే వారం అనేది మామూలు జలుబు మాట. ఫ్లూ అట్టా మెల్లగా రాదు, పొద్దున బాగున్న మనిషిని మధ్యాహ్నానికి మంచం ఎక్కిస్తుంది, ఒళ్ళంతా రోకళ్ళతో దంచినట్టు ఉంటుంది. మన దగ్గర చిక్కేమిటంటే ఈ రెంటికీ వేరు మాటలు లేవు. అన్నీ జలుబే, అన్నీ 'వైరల్' జ్వరమే. "మా వాడికి వైరల్ అక్కా" అంటారు, ఏ వీడియోలో పడ్డాడా అనుకుంటాం! ఫ్లూ అయితే ఇంటిపట్టున పడుకోవడమే సగం వైద్యం, నీళ్ళు, గంజి, జ్వరానికి పారాసెటమాల్. లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి ఐదారు రోజులు పక్కవాళ్ళకి అంటుతుంది, ఆయన ఆ దగ్గుతో ఆఫీసుకి పోవడం ధైర్యం కాదు. అరవై ఐదు దాటినవాళ్ళు, ఐదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, షుగరు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళు మాత్రం ఏడు రోజులు చూద్దాంలే అనుకోకూడదు. ఫ్లూకి మందు ఉంది, మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితే ఎక్కువ పని చేస్తుంది, డాక్టరు రాస్తేనే వాడాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, మనిషి మత్తుగా మాట తడబడటం కనిపిస్తే ఎవరైనా సరే ఆస్పత్రికి రావాల్సిందే.

వచ్చేవాళ్ళేమో వేరే రకం. ముక్కు కారితే చాలు "సూది వెయ్యండి, సెలైన్ ఎక్కించండి, పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ రాయించండి" అని గొడవ. యాంటీబయాటిక్ వైరస్ మీద పని చేయదని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది, అది మాత్రం ఫ్లూ కాదు.

(ఒంగోలు మాస్టారు మళ్ళీ)

అమ్మా, ఒప్పుకోనని ఎందుకనుకున్నావు. 'రోగాల పెట్టు' అన్నప్పుడు గుడ్లు పెట్టే అర్థం వ్యాకరణానికి ఆనదు. 'రోగాలకి పెట్టు' అని మీ అవ్వ మార్చుకుంది చూశావా, అక్కడ కొంచెం చోటు దొరికింది. జనం నోట్లో సామెత ఇట్లాగే పిల్లలు పెడుతుంది. మూల పాఠం సాటి అనేదే, అది మాత్రం వదులుకోను.

(ఊరు రాయని ఒకరు)

పేర్లతో వచ్చే తంటా మీద ఒక మాట. ఇన్‌ఫ్లుయెంజా ఇటాలియన్ మాట, ప్రభావం అని అర్థం. నక్షత్రాల ప్రభావం వల్ల జబ్బు వస్తుందని అప్పటివాళ్ళ నమ్మకం. మనవాళ్ళు గ్రహచారం అన్నట్టే. 2009లో స్వైన్ ఫ్లూ అని పేరు పడేసరికి ఈజిప్టులో పందులన్నిటినీ చంపమని ప్రభుత్వమే ఆర్డరు వేసింది, ఆ జబ్బేమో మనుషుల నుంచి మనుషులకి అంటుకుంటోంది. ఇలాంటివి చూసే 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బులకి జంతువుల పేర్లు, ఊళ్ళ పేర్లు పెట్టవద్దని చెప్పింది. ఇంతకుముందు బస్సులో పసిబిడ్డ తుమ్మితే పక్కసీటు ముసలమ్మ "చిరంజీవ చిరంజీవ" అనేది. మొన్న నెల్లూరు నుంచి ఆత్మకూరు పోతుంటే ఒక పిల్ల తుమ్మింది, ముందు సీట్లో ఇద్దరు లేచిపోయారు. ఒకాయన మాత్రం జేబులోంచి చేతిరుమాలు తీసి ఆ తల్లికి ఇచ్చి, తన పక్కన కిటికీ అద్దం జరిపాడు. నాకు ఆయన నచ్చాడు.

(మొదటి పోస్టు రాసినవాణ్ణి)

అందరికీ థాంక్స్. అక్క రాసినదాన్ని స్క్రీన్‌షాట్ తీసి మా గ్రూపులో పెట్టా. బాబాయికి షుగరు ఉందని నాకు అప్పుడే గుర్తొచ్చింది, సాయంత్రం మా అన్నే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు, ఇప్పుడు ముందు గదిలో కిటికీ పక్కన పడుకుని గంజి బాగాలేదని సణుగుతున్నాడు. పిన్నికి జ్వరం, దగ్గు లాంటివేమీ లేవు. ఆదివారం దాకా ఇలాగే ఉంటే కావలి పెళ్ళికి వస్తానంటోంది, మాస్కు పెట్టుకుని, జనం తగ్గాక ఆఖరి బంతిలో భోంచేస్తుందట. బాబాయి మాత్రం రావడానికి వీల్లేదని ఆర్డరు.

మా అన్న ఆ బొమ్మలో 'పెట్టె' కొట్టేసి 'పెట్టు' అని దిద్ది మళ్ళీ పోస్టు చేశాడు. ట్రంకు పెట్టె మాత్రం అట్టాగే ఉంది.